ఉదయము దొరికిన ఇంటర్నెట్ మధ్యాహ్నమేల దొరకదు?

అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములలో పోటీపరీక్షలకు చదువుకొనువారికై పెట్టిన స్టడీ హాళ్ళు పెక్కు కలవు. అట్టి హాలొకదానిని ఊహింపుడు. ఉదయము 6 గంటలనుండి మధ్యాహ్నమువరకు 50 మంది, అటుపై రాత్రివరకు మరి 50 మంది అందు చదువుకొందురు. ఒక్కొక్కరివద్ద ఒక ఫోను, ఒక లాప్‌టాప్ ఉండును. ఉదయమువారికి ఇంటర్నెట్ చక్కగా వచ్చును. మధ్యాహ్నమువారికి వైఫై గుర్తు కనబడునేగాని ఒక్క పేజీయైనను తెరచుకొనదు. దరఖాస్తు గడువు ఆనాడే తీరువాని ఆత్రుత చెప్పనక్కరలేదు. యజమాని రౌటరును ఆపి మరల వేయగా పని జరుగును. కాని మరునాడు ఉదయమువారు గోలపెట్టుదురు!

ఇట్టి స్థితిలో కొత్త రౌటరు కొనువారే యెక్కువ. నెట్‌వర్కు నిర్వాహకుడు మాత్రము మొదట అడుగవలసినది వేరు: ఎవరికి ఆగినది, ఎవరికి ఆగలేదు? వీధిస్తంభమునుండి వచ్చు తీగ తెగినచో అందరికిని ఒక్కమారే ఆగవలెను. ఇచ్చట ఒకే గదిలో ఒకరికి వచ్చుచు, ప్రక్కవానికి రాకున్నది. కావున బయటి దారి నిర్దోషి. ఏ పరికరమును ముట్టకయే వెదుకవలసిన చోటు సగమైనది.

తరువాత, పనిచేయని లాప్‌టాప్‌లో ఐ.పి. చిరునామా చూడవలెను. అది 169.254 అను అంకెలతో మొదలైనచో, యంత్రము చిరునామా కోరెననియు, ఎవ్వరును ఈయకపోగా తానే యొకటి కల్పించుకొనెననియు అర్థము. (చిరునామా సరిగా నున్నచో పింగ్ ఆజ్ఞతో మొదట రౌటరును, పిదప 8.8.8.8 వంటి బయటి అంకెను, చివరకు ఒక పేరును పిలిచి చూడవలెను. అంకె పలికి పేరు పలుకనిచో లోపము డి.ఎన్.ఎస్.లో నున్నదన్నమాట.)

చిరునామాలను పంచునది రౌటరులోని డి.హెచ్.సి.పి. అను ఏర్పాటు. నేడు వాడుకలోనున్న దాని నియమములు 1997లో వెలువడినవి. అది చిరునామాను దానమీయదు, గడువు పెట్టి అద్దెకిచ్చును. కొన్ని రౌటర్లలో తొలుత 100 నుండి 199 వరకు, అనగా 100 చిరునామాలే పంపకమునకుండును. గడువు 24 గంటలైనదనుకొనుడు. ఉదయమువారి 50 ఫోనులు, 50 లాప్‌టాప్‌లు ఆ నూటిని తీసికొన్నవి. వారు ఇంటికేగినను చిరునామాలు మరునాటి ఉదయమువరకు వారి పేరనే యుండును. ఆర్టీసీ బస్సులో సీటుపై తువాలు వేసి దిగిపోయినవాని చందమిది. బస్సంతయు ఖాళీయే, కూర్చుండుటకు చోటులేదు!

రౌటరు నాపినప్పుడు పెక్కు చిన్న యంత్రములలో ఈ అద్దెపట్టిక చెరిగిపోవును. అప్పుడు మధ్యాహ్నమువారు నూరు చిరునామాలను పట్టుకొందురు. మరునాటి మధ్యాహ్నమువరకు అవి వారివే. ఇక ఉదయమువారికేమి మిగులును? వ్యాధి పూట మార్చుకొన్నది, అంతే.

చికిత్సకు పైసా ఖర్చులేదు. పంపకపు హద్దును 11 నుండి 250 వరకు పెంచినచో 240 చిరునామాలు దొరకును. మొదటి పదియు రౌటరుకును, ప్రింటరు, కెమెరాల వంటి స్థిర పరికరములకును విడువవచ్చును. గడువును ఒక గంటకు తగ్గించవలెను. హాలులోనున్న యంత్రము సగము గడువు కాగానే తనంతట తాను అద్దెను పొడిగించుకొనును గనుక చదువుకొనువారికి అంతరాయముండదు. వెళ్ళినవారి చిరునామాలు గంటలోపల తిరిగివచ్చును. పూటలు మారువేళ రెండు జట్లవారివి కలిసినను 200కు మించవు.

ఈ మార్పు ఫలించినదో లేదో చూడవలసినది మధ్యాహ్నపుజట్టు వచ్చి కూర్చున్న వేళ, రౌటరు నాపకుండ.