అక్కడే కట్టిన మూట

పత్తి పండే ప్రాంతాలలో ఉండే విద్యార్థులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. రైతు బండిలో వేసుకొచ్చే పత్తి చూడడానికి కొండంత ఉంటుంది. తూస్తే మాత్రం బరువు కొంచెమే. దాన్ని అలాగే లారీలకెత్తి దూరపు మిల్లుకు పంపితే, లారీ మోసేది చాలావరకు గాలినే! అందుకని జిన్నింగు మిల్లులో గింజ తీసేసి, దూదిని అక్కడే యంత్రంతో అదిమి, 170 కిలోల బేళ్ళుగా కట్టి మరీ పంపుతారు. మూట కట్టే పని బయలుదేరే చోట జరిగితేనే లాభం. చేరిన తర్వాత కడితే ఏం ప్రయోజనం?

కంప్యూటర్ల లోకంలోనూ సరిగ్గా ఇదే సమస్య ఉంది. మీ పరీక్షా ఫలితాలు చూపించే వెబ్‌సైటు, రైలు టిక్కెట్టు ఇచ్చే ఏర్పాటు, ఇవన్నీ ఎక్కడో దూరాన చల్లని గదుల్లో రాత్రింబవళ్ళు పనిచేసే కంప్యూటర్ల మీద నడుస్తాయి. వాటిని సర్వర్లు అంటారు. ఎవరు ఏ గంటకు వచ్చారు, ఏమడిగారు, ఏం జవాబిచ్చాం అని ప్రతి సర్వరూ దినచర్య పుస్తకంలా రాసుకుంటూ పోతుంది. ఆ పుస్తకం పేరు లాగ్. ఈ లాగులనూ, ఇతర ముఖ్యమైన ఫైళ్ళనూ నకలు తీసి వేరొక చోట దాచాలి. లేకపోతే సర్వరు చెడిపోయిన రోజున సర్వం పోయినట్టే.

లెక్క వేసి చూద్దాం

ఒక సర్వరులో 10 గిగాబైట్ల లాగ్ ఉందనుకోండి. అంటే 10,000 మెగాబైట్లు. బైటుకు 8 బిట్లు కనుక 80,000 మెగాబిట్లు. మన తీగ సెకనుకు 100 మెగాబిట్లు మోస్తే 800 సెకన్లు, అనగా 13 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఇలాంటి సర్వర్లు 40 ఉంటే? 32,000 సెకన్లు. దాదాపు 9 గంటలు!

లాగుల్లో ఒకే రకం వాక్యాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి, అదిమితే అవి పదోవంతుకు తగ్గడం అరుదేమీ కాదు. అప్పుడు 40 సర్వర్లకూ కలిపి 3,200 సెకన్లు చాలు. రాత్రంతా పట్టే పని గంటలోపే అయిపోతుందన్నమాట. అయితే ఒక షరతు. అదమడం సర్వరులోనే జరగాలి. ముందు ఇక్కడికి తెచ్చుకుని తర్వాత అదిమితే తీగ మీద భారం వీసమెత్తు కూడా తగ్గదు.

అదిమితే ఏం పోతుంది?

పత్తిని అదిమితే గాలి పోతుంది. మరి ఫైలును అదిమితే ఏం పోతుంది? పునరుక్తి పోతుంది. అంటే, చెప్పిందే మళ్ళీ చెప్పడం. మన సామెత ఒకటి తీసుకోండి:

తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

'తన్నేవాడుం' అనే ముక్క రెండుసార్లు వచ్చింది కదూ? రెండోసారి దాన్ని పూర్తిగా రాయనక్కరలేదు. "12 స్థానాలు వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి 4 అక్షరాలు దించుకో" అని చెబితే చాలు. ఖాళీలను కూడా ఒక్కొక్క స్థానంగా లెక్కపెట్టి సరిచూసుకోండి. ఇజ్రాయెల్‌కు చెందిన జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1977లో ప్రకటించిన పద్ధతికి ఇదే మూలం. నేడు విరివిగా వాడే జీజిప్ అనే ప్రోగ్రాము 32,768 బైట్ల దూరం వరకూ వెనక్కి చూసి ఇలాంటి పునరుక్తులను వెతుకుతుంది.

దీనికి రెండో కిటుకు కూడా తోడవుతుంది. వెనుకటి తంతి సమాచారాల మోర్స్ కోడు గురించి విన్నారా? ఇంగ్లీషులో తరచుగా వచ్చే 'ఇ' అక్షరానికి అందులో ఒక్క చుక్క చాలు. అరుదుగా వచ్చే 'క్యూ'కు మాత్రం రెండు గీతలు, ఒక చుక్క, మరో గీత కావాలి. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదైనదానికి పొడుగు గుర్తు. అన్నిటికన్నా పొదుపుగా ఈ గుర్తులను ఎలా ఇవ్వాలో 1951లో అమెరికాలో డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి కనిపెట్టాడు. "పరీక్ష రాస్తారా, వ్యాసం రాస్తారా?" అని అధ్యాపకుడు రాబర్ట్ ఫానో అడిగితే అతను వ్యాసం ఎంచుకున్నాడు. అధ్యాపకుడికే కొరుకుడు పడని సమస్యను ఆ వ్యాసంలో తేల్చేశాడు! 1952లో అది అచ్చయింది. 1992లో వచ్చిన జీజిప్‌లో ఈ రెండు కిటుకులూ కలిసి పనిచేస్తాయి.

తెలుగు ఫైళ్ళకు ఇందులో ఒక ప్రత్యేక లాభం ఉంది. నేడు సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో, కంప్యూటరు ప్రతి తెలుగు సంకేతాన్నీ 3 బైట్లతో రాస్తుంది. వాటిలో మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 గాని, 177 గాని. ఇంత పునరుక్తి ఉన్నప్పుడు అదిమే ప్రోగ్రాముకు పండగే!

దేన్నయినా అదమవచ్చా?

"అయితే అదిమినదాన్నే మళ్ళీ మళ్ళీ అదిమి ఒక్క బైటుకు తేవచ్చు కదా?" అని మీలో ఎవరికైనా సందేహం రావచ్చు. రాదు సుమా! 10 బిట్లతో 1,024 రకాల ఫైళ్ళు రాయవచ్చు. అంతకన్నా పొట్టివి, 0 నుంచి 9 బిట్ల వరకూ ఉన్నవన్నీ కలిపితే 1,023 మాత్రమే. 1,024 మందిని 1,023 కుర్చీలలో తలా ఒకటి చొప్పున కూర్చోబెట్టగలమా? ఎవరో ఒకరు మిగిలిపోక తప్పదు. కాబట్టి ప్రతి ఫైలునూ చిన్నది చేసే పద్ధతి ఉండనే ఉండదు. ఫోటోలు, పాటలు సాధారణంగా ముందే అదిమి ఉంటాయి. వాటిని మళ్ళీ అదిమితే శ్రమ తప్ప ఫలితం దాదాపు ఉండదు.

మూట వేరు, అదమడం వేరు

వెయ్యి ఫైళ్ళను విడివిడిగా పంపడం కష్టం. అందుకని మొదట వాటిని ఒకే మూటగా కట్టాలి. యూనిక్స్ కంప్యూటర్లలో ఈ పని చేసే ప్రోగ్రాము పేరు టార్. 1979 నుంచి ఇది వాడుకలో ఉంది. టేపు మీద భద్రపరచడానికి పుట్టింది కాబట్టి ఆ పేరు వచ్చింది. ప్రతి ఫైలు ముందూ ఒక చీటీ అంటించి, దాని పేరు, పరిమాణం, తేదీ, దాన్ని ఎవరెవరు తెరవవచ్చు అన్న వివరాలు రాస్తుంది. టార్ స్వయంగా ఏమీ అదమదు. అది కట్టిన మూటను జీజిప్ అదుముతుంది.

మీకు బాగా పరిచయమైన జిప్ పద్ధతి కొంచెం వేరు. అది ఒక్కో ఫైలునూ విడిగా అదిమి, ఆ తర్వాత మూటలో పెడుతుంది. మూట చివర విషయసూచిక కూడా రాస్తుంది. అందువల్ల జిప్ మూటలోంచి ఒక్క ఫైలును తేలికగా తీయవచ్చు. టార్, జీజిప్ కలిపి కట్టిన మూటనైతే మొదటి నుంచీ విప్పుకుంటూ రావాలి. కానీ ఒకే పోలికగల చిన్న ఫైళ్ళు అనేకం ఉన్నప్పుడు ఆ మూటే చిన్నదవుతుంది. ఎందుకో ఆలోచించండి. ఒక ఫైలులోని మాట పక్క ఫైలులో వచ్చినా అది పునరుక్తిగా పట్టుకోగలదు.

నలభై సర్వర్లకు ఒకే ఆజ్ఞ

ఇక అసలు కష్టానికి వద్దాం. దూరపు సర్వరుకు ఆజ్ఞలివ్వడానికి ఎస్.ఎస్.హెచ్. అనే మార్గం ఉంది. 1995లో ఫిన్లండులో తాతు ఇలోనెన్ దీన్ని తయారుచేశాడు. దారిలో ఎవరైనా పొంచి విన్నా అర్థం కాకుండా మాటలను రహస్య లిపిలోకి మార్చి పంపడం దీని ప్రత్యేకత. ఈ మార్గాన ఒక మనిషి రోజూ 40 సర్వర్లలోకి వెళ్ళి, ఒక్కొక్కచోట మూట కట్టి రావాలంటే? ఇరవయ్యో సర్వరు దగ్గర విసుగు పుడుతుంది. ముప్ఫయ్యో దానిలో అక్షరం తప్పు పడుతుంది.

అందుకే ఈ పని యంత్రానికి అప్పగిస్తారు. అలాంటి పనిముట్లలో పేరొందినది యాన్సిబుల్. 2012లో మైకేల్ డిహాన్ దీన్ని విడుదల చేశాడు. నక్షత్రాల మధ్య క్షణంలో కబురు పంపే ఊహాయంత్రానికి ఉర్సులా లెగ్విన్ అనే రచయిత్రి 1966 నాటి నవలలో పెట్టిన పేరు ఇది.

యాన్సిబుల్‌కు మనం రెండు కాగితాలు ఇవ్వాలి. ఒకటి సర్వర్ల పట్టిక. రెండోది పనుల జాబితా, దాన్ని ప్లేబుక్ అంటారు. అందులో ఇలా రాస్తాం: ఫలానా సంచికలోని లాగులను మూట కట్టు. మూటకు సర్వరు పేరూ, తేదీ కలిపి పేరు పెట్టు. ఆ మూటను నా కంప్యూటరుకు తీసుకురా. ఇంతే. మిగతా దూరాభారమంతా యాన్సిబుల్ చూసుకుంటుంది. మామూలుగా ఒక్కసారికి 5 సర్వర్ల చొప్పున పని నడిపిస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్ళు తికమకపడే చోటు ఒకటుంది. 'మూట కట్టు' అంటే మూట సర్వరులోనే తయారై సర్వరులోనే ఉండిపోతుంది. దానంతట అది మన దగ్గరకు రాదు. 'తీసుకురా' అన్నది వేరే పని, విడిగా చెప్పాలి. మరొక హెచ్చరిక. మూట కట్టాక అసలు ఫైళ్ళను తీసివేయమని కూడా చెప్పవచ్చు. అడిగితే తప్ప ఆ పని చేయదు. మూట మంచిదో కాదో చూడకుండా అలా అడగడం తెలివైన పని కాదు.

మూట ఉందా? విప్పి చూశారా?

యంత్రానికి అప్పగించాం కదా అని నిద్రపోతే ఏమవుతుంది? గిట్‌ల్యాబ్ అనే సంస్థ అనుభవం చూడండి. ప్రోగ్రాములు రాసేవారు తమ పనిని దాచుకునే వెబ్‌సైటును ఆ సంస్థ నడుపుతుంది. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు, ఒక సర్వరులో తుడిచివేయవలసినదాన్ని పొరపాటున మరో సర్వరులో తుడిచేశారు. ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలాయి.

సరే, రోజూ యంత్రం తీసే నకలు ఉంది కదా అని వెతికారు. దాచే చోటు ఖాళీగా ఉంది! నకలు తీసే ప్రోగ్రాము 9.2 తరానిది, సమాచార భాండాగారం 9.6 తరానిది. రెండింటికీ పొసగక నకలు పని మొదట్లోనే ఆగిపోతోంది. ఆగిన సంగతి యంత్రం ఈమెయిలులో తెలియజేసింది కూడా. కానీ సరైన సంతకం లేదని ఆ మెయిళ్ళు తిరస్కరణకు గురయ్యాయి. అదృష్టవశాత్తూ 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి దొరికింది. దానితో మళ్ళీ నిలబెట్టారు. అయినా ఆ 6 గంటల సమాచారం పోయింది. కనీసం 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, సుమారు 700 కొత్త ఖాతాలు పోయాయని ఆ సంస్థే బహిరంగంగా ప్రకటించింది.

అందుకని మూటను పరీక్షించే పద్ధతులు తెలుసుకోవాలి. గుణకారం సరిచూడడానికి మీ తాతగారి కాలంలో తొమ్మిది పరీక్ష చేసేవారు. 4,523లోని అంకెలు కూడితే 14, మళ్ళీ కూడితే 5. అదే సంఖ్య గుర్తు. జీజిప్ కూడా మొత్తం ఫైలు నుంచి ఇలాంటి గుర్తు ఒకటి లెక్కగట్టి మూట చివర 4 బైట్లలో రాస్తుంది. దాని పేరు సి.ఆర్.సి. 4,523కు బదులు 4,532 అని తారుమారుగా రాస్తే తొమ్మిది పరీక్షకు తెలియదు. సి.ఆర్.సి. మాత్రం అలాంటివాటినీ పట్టేస్తుంది. యాన్సిబుల్ కూడా మూటను తెచ్చేటప్పుడు రెండుచోట్లా గుర్తులు లెక్కించి సరిపోల్చుతుంది. పని ముగిశాక ఏ సర్వరులో పని జరిగింది, ఏది తప్పింది, ఏది అసలు అందలేదు అని పట్టిక చూపుతుంది. 40లో 39 సరిగా ఉన్నా, ఆ ఒక్కటి ఏమిటో చదవవలసింది మనిషే.

కానీ ఖాళీ సంచికను మూట కడితే? గుర్తు సరిపోతుంది, పట్టికలో తప్పూ కనిపించదు, లోపల సరుకు మాత్రం ఉండదు! ఆ సంగతి విప్పి చూస్తేనే తెలుస్తుంది. అప్పుడప్పుడు ఒక మూటను వేరే కంప్యూటరులో పూర్తిగా విప్పి, దానితో పని నడుస్తుందో లేదో చూడడం ఈ విద్యలో ఆఖరి మెట్టు.

మీరే చేసి చూడండి

మీ బడి కంప్యూటరులో ఒక తెలుగు వాక్యం రాసి, దాన్ని వెయ్యిసార్లు అతికించి ఫైలుగా దాచండి. దాన్ని జిప్ చేసి, ముందూ తర్వాతా పరిమాణాలు రాసుకోండి. ఒక ఫోటోను కూడా జిప్ చేయండి. తర్వాత మొదటి జిప్‌ను మరోసారి జిప్ చేయండి. మూడు ఫలితాలలో తేడా ఎందుకు వచ్చిందో పైన చదివినదాన్ని బట్టి చెప్పగలరా? చివరగా ఆ మూటలను వేరొక సంచికలో విప్పి, అసలు ఫైళ్ళతో పోల్చండి. ఈ చివరి పని మాత్రం మానవద్దు.