ఎనిమిది మందితో మొదలైంది

కొరియా యుద్ధం మిగిల్చిన పసివాళ్లను ఆదుకోవాలని బయల్దేరింది ఒక అమెరికన్ క్రైస్తవ కుటుంబం. ఆ కుటుంబం వేసిన బాటలో దాదాపు రెండు లక్షల మంది పిల్లలు దేశం దాటారు. వారిలో ఎందరు నిజంగా అనాథలన్నదే ఇప్పుడు కొరియాను వేధిస్తున్న ప్రశ్న.

1955 అక్టోబర్ 14న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో విమానం దిగిన హ్యారీ హోల్ట్ వెంట పన్నెండు మంది కొరియా పసివాళ్లున్నారు. వారిలో నలుగురు వేరే కుటుంబాలకు వెళ్లాల్సినవారు. మిగిలిన ఎనిమిది మందీ ఆయన ఇంటికే. అప్పటికే ఆ ఇంట్లో కన్నబిడ్డలు ఆరుగురు. పత్రికలకు అంతకన్నా మంచి వార్త ఏముంటుంది? మర్నాటి నుంచి హోల్ట్ ఇంటికి ఉత్తరాలు వెల్లువెత్తాయి. అన్నింటి సారాంశం ఒక్కటే: మాకూ ఒక బిడ్డను తెచ్చిపెట్టండి.

హోల్ట్ దంపతులు పాదర్లు కారు, సంఘసేవలో శిక్షణ పొందినవారూ కారు. ఆరిగాన్ రాష్ట్రంలో క్రెస్వెల్ అనే చిన్న ఊళ్లో కలప వ్యాపారం, వ్యవసాయం చేసుకునే భక్తిపరులు. ఇద్దరికీ యాభయ్యో పడి వచ్చేసింది. హ్యారీ అప్పటికే గుండెజబ్బు మనిషి. భార్య బెర్తా నర్సుగా చదువుకుంది. 1954 చివర్లో, దగ్గర్లోని యూజీన్ పట్టణంలో, వరల్డ్ విజన్ సంస్థాపకుడు బాబ్ పియర్స్ కొరియా అనాథల మీద తీసిన సినిమా ప్రదర్శిస్తే కుటుంబమంతా వెళ్లి చూసింది. అమెరికన్ సైనికులకు కొరియా స్త్రీల వల్ల పుట్టి, తండ్రి ఎవరో చెప్పుకోలేక, తల్లి పెంచుకోలేక వీధిన పడిన పిల్లలు ఆ తెర మీద కనిపించారు. ముందు నెలనెలా డబ్బు పంపుదామనుకున్నారు. మనసు ఊరుకోలేదు. ఎనిమిది మందిని తెచ్చేసుకుందామనుకున్నారు.

అయితే అప్పటి శరణార్థుల చట్టం ఒక జంటకు ఇద్దరు అనాథలకు మించి అనుమతించదు. హోల్ట్ కుటుంబం కోసం ఆరిగాన్ సెనేటర్ రిచర్డ్ న్యూబర్గర్ ప్రత్యేక బిల్లు పెట్టారు. కాంగ్రెస్ కొద్ది వారాల్లోనే దాన్ని ఆమోదించేసింది. ఈలోగా హ్యారీ కొరియా చేరుకుని పిల్లలను ఎంచుకుంటున్నాడు. దారిలో టోక్యోలో బైబిల్ తెరిస్తే యెషయా గ్రంథం 43వ అధ్యాయం కంటబడిందనీ, దాన్ని దైవాజ్ఞగా తీసుకున్నాడనీ ఆ కుటుంబం చెప్పుకుంటుంది. 1956లో బెర్తా రాసిన పుస్తకం 'ది సీడ్ ఫ్రమ్ ది ఈస్ట్' పేరు అందులోంచి వచ్చిందే.

అటు కొరియా ప్రభుత్వానికీ ఇది కలిసొచ్చింది. అధ్యక్షుడు సింగ్మన్ రీ దృష్టిలో కొరియా ఒకే రక్తం ఉన్న జాతి. మిశ్రమ సంతానం ఆయనకు తలనొప్పి. అక్కడి కుటుంబ రిజిస్టరు తండ్రి పేరుతోనే నడుస్తుంది కాబట్టి తండ్రి పేరు లేని బిడ్డకు బడిలోనూ చోటు లేదు, పెళ్లి సంబంధాల్లోనూ లేదు. సంక్షేమం మీద ఖర్చు పెట్టడానికి ఖజానాలో డబ్బు లేదు. పిల్లలను పట్టుకెళతామంటే వద్దనే వారెవరు?

హోల్ట్ అనుసరించిన పద్ధతి ప్రాక్సీ దత్తత. అంటే, పెంచుకునే దంపతులు అమెరికాలోనే ఉంటారు. వారి తరఫున హ్యారీ కొరియాలో సంతకం చేసి, కొరియా చట్టం ప్రకారం దత్తత పూర్తి చేసి, పిల్లలను అద్దె విమానంలో తీసుకొస్తాడు. పెంచేవారిలో ఆయన ముఖ్యంగా చూసింది క్రైస్తవ విశ్వాసం. ఇంటి పరిస్థితి ఏమిటి, దంపతుల స్వభావం ఎలాంటిది, బిడ్డకు నిజంగా ఎవరూ లేరా అన్న విచారణలు ఆయనకు కాలయాపనగా తోచాయి. అక్కడ పిల్లలు చచ్చిపోతుంటే ఇక్కడ ఫారాలు నింపుతూ కూచోవాలా అన్నది ఆయన వాదన. ఆ వాదనకు అప్పటి సియోల్‌లో బలం లేకపోలేదు. ఆకలి, చలి, క్షయ పిల్లలను నిజంగానే చంపుతున్నాయి. కానీ ఇంటర్నేషనల్ సోషల్ సర్వీస్ వంటి సంస్థల్లో పనిచేసే అనుభవజ్ఞులు అప్పుడే హెచ్చరించారు. తొందరలో వదిలేసిన ప్రశ్నలు తర్వాత ఆ బిడ్డ వెంటపడతాయన్నారు. 1961లో అమెరికన్ కాంగ్రెస్ ప్రాక్సీ దత్తతలకు తెరదించింది. పద్ధతి పోయింది గానీ విచారణ కన్నా వేగానికే పెద్దపీట వేసే అలవాటు మాత్రం కొరియాలో నిలిచిపోయింది.

ఆ అలవాటు అసలు రంగు హోల్ట్ దంపతులు మొదట చూసిన పిల్లలు పెద్దవాళ్లయిపోయాక గానీ బయటపడలేదు. యుద్ధం ముగిసింది 1953లో. విదేశీ దత్తతలు పతాకస్థాయికి చేరింది 1985లో. ఆ ఒక్క ఏడాదే 8,800 మందికి పైగా పిల్లలు దేశం దాటారు. అప్పటికి కొరియా ఓడలు, కార్లు, టెలివిజన్లు ఎగుమతి చేస్తున్న దేశం. మరి అనాథలు ఎక్కడి నుంచి వచ్చినట్టు? వారిలో ఎక్కువ మంది పెళ్లికాని తల్లుల బిడ్డలు. కొందరు పేదింటి పిల్లలు, మరికొందరు సంతలో తప్పిపోయి ఆశ్రమాలకు చేరినవారు. హోల్ట్ పేరుతో ఉన్న కొరియా సంస్థతో కలిపి నాలుగు సంస్థలు పోటీపడి పిల్లలను సేకరించాయి. ప్రసూతి ఆస్పత్రులకు డబ్బు ముట్టజెప్పాయి. బిడ్డకు కొత్తగా ఒంటరి రిజిస్టరు పుట్టించి అందులో 'అనాథ' అని రాస్తే, కన్నతల్లి సంతకంతో పనే లేదు. వీసాకు సిద్ధం చేసిన బిడ్డ చనిపోయినా, కన్నవారు వచ్చి తీసుకెళ్లిపోయినా ఆ కాగితాల మీద మరో బిడ్డను పంపిన సందర్భాలూ ఉన్నాయి. 1988 సియోల్ ఒలింపిక్స్‌కు వచ్చిన విదేశీ విలేకరులు పిల్లల ఎగుమతి గురించి రాసేసరికి ప్రభుత్వానికి తల కొట్టేసినట్టయింది. సంఖ్య తగ్గింది. కన్నతల్లి అంగీకారం, కోర్టు అనుమతి తప్పనిసరి చేసే చట్టం మాత్రం 2012లో గానీ అమల్లోకి రాలేదు.

ఇదంతా హ్యారీ హోల్ట్ ఖాతాలో రాసేయడం అన్యాయం. ఆయన 1964 ఏప్రిల్‌లోనే కొరియాలో మరణించాడు. లాభాపేక్ష ఆయనకు అంటగట్టడానికి ఆధారం లేదు. సొంత ఆస్తి కరగబెట్టి, జబ్బు గుండెతో మళ్లీ మళ్లీ సముద్రం దాటిన మనిషి. చిక్కు వేరే చోట ఉంది. మంచి మనుషులు కాబట్టి అడగక్కర్లేదన్న నమ్మకం ఒక వ్యవస్థగా మారింది. మంచి మనుషులు వెళ్లిపోయినా వ్యవస్థ ఉండిపోయింది.

అదే కుటుంబంలో ఇంకో దారి కూడా ఉందన్న సంగతి అంతగా చర్చకు రాదు. హోల్ట్ రెండో తరంలో మోలీ అనే కూతురు తల్లిలాగే నర్సు. 1956లో కొరియా వెళ్లింది. పెళ్లి చేసుకోలేదు. సియోల్ శివార్లలోని ఇల్సాన్‌లో తండ్రి కట్టించిన కేంద్రంలో, వైకల్యం వల్ల ఏ విదేశీ కుటుంబమూ కోరుకోని పిల్లలతో ఉండిపోయింది. వారిలో చాలామంది అక్కడే పెరిగి పెద్దవారయ్యారు. వారి భాష మాట్లాడుతూ, వారి తిండే తింటూ ఆమె ఆరు దశాబ్దాలు గడిపి 2019 మే నెలలో కన్నుమూసింది. తండ్రి పిల్లలను ఇంటికి తీసుకెళ్తే కూతురు పిల్లలున్న చోటునే ఇల్లు చేసుకుంది. ఈ రెండింటికీ సేవ అన్న ఒకే మాట వాడుతున్నాం మనం. తేడా గురించి ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన అవసరం మాత్రం ఉంది.

ఎందుకంటే ఈ కథ కొరియాతో ఆగలేదు. కాంబోడియాలో 2005 నుంచి 2010 దాకా అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. యూనిసెఫ్ లెక్క ప్రకారం వాటిలోని ప్రతి నలుగురు పిల్లల్లో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. సెలవుల్లో పాశ్చాత్య దేశాల నుంచి సేవ చేయడానికి వచ్చే కుటుంబాలు, చర్చి బృందాలు ఎక్కువయ్యే కొద్దీ వారు చూడ్డానికి పిల్లలూ కావలసివచ్చారు.

తెలుగు పాఠకులకు ఇది పరాయి కథ అసలే కాదు. 1999లోనూ, మళ్లీ 2001లోనూ హైదరాబాద్‌లోని కొన్ని దత్తత కేంద్రాల మీద పోలీసులు దాడి చేసినప్పుడు, నల్గొండ, మహబూబ్‌నగర్ తండాల నుంచి లంబాడా ఆడశిశువులను వందల్లో, వేలల్లో రూపాయలిచ్చి కొనుక్కొచ్చి విదేశాలకు పంపుతున్న సంగతి వెలుగుచూసింది. అక్కడా పెంచుకోవడానికి వచ్చిన దంపతుల్లో చాలామంది సద్బుద్ధితో వచ్చినవారే. కన్నవారు బిడ్డను నేరుగా సంస్థలకు వదులుకునే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించింది. సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో విదేశీ దత్తతలకు మార్గదర్శకాలు ఇచ్చి అప్పటికి పదిహేడేళ్లు. నియమాలు ఉన్నా, తండాలో తల్లిని అడిగే నాథుడు లేడు.

కొరియాలో మాత్రం అడిగేవారు తిరిగి వచ్చారు. అమెరికా, డెన్మార్క్, స్వీడన్ వంటి దేశాల్లో పెరిగి, నడివయసుకు చేరిన దత్తపుత్రులు, పుత్రికలు. కొందరికి పెంచినవారు పౌరసత్వం కాగితాలే పూర్తి చేయలేదు. 2000 నాటి అమెరికన్ చట్టం పిల్లలకు పౌరసత్వం ఇచ్చింది గానీ, అప్పటికే పద్దెనిమిదేళ్లు నిండినవారిని వదిలేసింది. దాంతో కొందరు తమకు భాష కూడా రాని కొరియాకు బహిష్కృతులయ్యారు. మొత్తం 367 మంది తమ దత్తతల మీద విచారణ కోరుతూ కొరియా సత్యశోధన సంఘాన్ని ఆశ్రయించారు. 2025 మార్చిలో సంఘం వారిలో 56 మందిని మానవహక్కుల ఉల్లంఘన బాధితులుగా గుర్తించి, తప్పుడు కాగితాలకు ప్రభుత్వ పర్యవేక్షణ లోపమే కారణమని తేల్చింది. ఆ ఏడాది జూలైలో దత్తత వ్యవహారాలు ప్రైవేటు సంస్థల చేతుల్లోంచి ప్రభుత్వానికి బదిలీ అయ్యాయి. అక్టోబర్‌లో అధ్యక్షుడు లీ జే మ్యుంగ్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు.

బెర్తా హోల్ట్ 2000లో తొంభై ఆరేళ్ల వయసులో మరణించింది. ఆమెనూ ఇల్సాన్‌లో భర్త పక్కనే సమాధి చేశారు. కన్నవారి జాడ వెదుక్కుంటూ సియోల్‌లో దిగే దత్తబిడ్డలు ముందు ఫైలు అడుగుతారు. చాలామటుకు అందులో ఉండేవి ఒక నంబరు, ఒక ఫొటో, 'అనాథ' అన్న మాట. అందుకే 2020 నుంచి విదేశాల్లోని కొరియా రాయబార కార్యాలయాల్లో డీఎన్ఏ నమూనాలు తీసుకుంటున్నారు. ఎక్కడో ఓ పల్లెలో, ఎనభై ఏళ్లు దాటిన తల్లి ఎవరైనా పోలీస్ స్టేషన్‌కు వెళ్లి తన నమూనా ఇచ్చి ఉంటే, రెండూ కలుస్తాయి.