ఆభేరికి బ్లూస్ గొంతు

త్యాగరాజు ‘నగుమోము’ 2001లో ఎవరూ ఊహించని పంక్తిలో కూర్చుంది. బ్రిటన్‌లో ఏటా మేటి ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాలో ఆ ఏడు రేడియోహెడ్, పీజే హార్వీ, ఎల్బో లాంటి పేర్ల నడుమ ‘సాల్ట్ రెయిన్’ అనే తొలి ఆల్బమ్ నిలిచింది. గిటార్, చెల్లో, తబలా, ఆఫ్రికన్ తాళవాద్యాల మధ్య అందులో మన తెలుగు కృతి ఉంది. పాడినామె సుశీలా రామన్. సెప్టెంబరు 11న బహుమతి హార్వీకి దక్కింది. ఆ రోజు లోకం చూపు ఎటుందో చెప్పనక్కర్లేదు. ఆమె ‘నగుమోము’ విన్నవారు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు: భలే ఫ్యూజన్ అని, లేదా కృతిని పాడుచేసిందని. రెండూ తొందరపాటు తీర్పులే. ఆ కృతిలో మొదటినుంచీ ఉన్న ఒక గొంతును, కచేరీ మర్యాదల కింద కొంత అణిగిపోయినదాన్ని, ఆమె బ్లూస్ దారిలో పైకి తెచ్చిందని నా వాదన.

సుశీల 1973లో లండన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు తంజావూరు తమిళులు. నాలుగేళ్ల వయసులో కుటుంబం ఆస్ట్రేలియాకు వెళ్లింది. ఇంట్లో కర్ణాటక సంగీతం నేర్చుకుని చిన్నప్పుడే కచేరీలు చేసిన పిల్ల, యౌవనంలోకి వచ్చేసరికి సిడ్నీలో సొంత బ్యాండు పెట్టి ఫంక్, రాక్, బ్లూస్ వైపు మళ్లింది. 1995లో భారతదేశానికి వచ్చి హిందుస్తానీ గాయని శ్రుతి సడోలికర్ దగ్గర నేర్చుకుంది. తరువాత ఇంగ్లండ్ చేరి శామ్ మిల్స్ అనే గిటారిస్టుతో జతకట్టింది. మిల్స్ అప్పటికే బెంగాల్ బౌల్ గాయకుడు పబన్ దాస్‌తో ‘రియల్ షుగర్’ చేసినవాడు. సంప్రదాయం, తిరుగుబాటు, మళ్లీ శిక్షణ అన్న ఈ వరస ముఖ్యం. వదిలేసి తిరిగొచ్చిన వాళ్లకు పాట మీద భయం తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది.

ఇక పాట దగ్గరికి వద్దాం. ‘నగుమోము’ రాగం ఆభేరి. దాని ఆరోహణలో స, గ, మ, ప, ని, అంతే. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. అమెరికా నల్లజాతి గాయకులు బ్లూస్ అల్లుకున్న అయిదు స్వరాల మైనర్ మెట్లు సరిగ్గా ఇవే. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. ఆభేరి దిగివచ్చేటప్పుడు రిషభ ధైవతాలు చేరి ఏడు స్వరాలవుతాయి, నడక మారుతుంది. అయినా ఇంకో పోలిక ఉంది. బ్లూస్ గాయకుడు గాంధారాన్ని సూటిగా పట్టడు. కిందినుంచి పాకించి, వంచి, రెండు స్వరాల సందులో నిలుపుతాడు. గమకం తెలిసిన చెవికి ఇది పరాయి పద్ధతి కాదు. స్వరాన్ని మించి సాహిత్యం ఉంది. నవ్వు ముఖం చూడలేకపోతున్న బాధ తెలిసీ ఎందుకు రావని రాముణ్ని నిలదీసే కృతి ఇది. గరుత్మంతుడు కదలనన్నాడా, దూరం ఎక్కువన్నాడా అని ఎత్తిపొడుస్తుంది. రాని మనిషి మీద ఫిర్యాదు, ఆ ఫిర్యాదులో వదలని ప్రేమ: బ్లూస్‌కు ఇంతకన్నా మూలధనం లేదు. సుశీల దాన్ని నెమ్మదిగా, బొంగురు ఛాయ ఉన్న కింది స్థాయి గొంతుతో పాడినప్పుడు ఆ ఎత్తిపొడుపు సూటిగా తగులుతుంది.

రాగశుద్ధి పోయిందనే అభ్యంతరం వస్తుంది. ఏ శుద్ధి? దీక్షితుల సంప్రదాయంలో ఆభేరికి శుద్ధ ధైవతం. ఈనాడు అందరూ పాడే ‘నగుమోము’లో ఉన్నది చతుశ్శ్రుతి ధైవతం. ఆ రూపాన్ని జనంలో పాతుకునేలా చేసినవారిలో ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ ముఖ్యులు. అంటే మనం కాపాడాలనుకుంటున్న పాతదే ఒక మార్పు. 1990లో ‘అల్లుడుగారు’ సినిమాలోకి ఈ కృతి వచ్చినప్పుడు మనవాళ్లు ఈలలు వేసి విన్నారు, నేరం అనుకోలేదు. ఉచ్చారణ మాటకొస్తే, నిజమే, సుశీల తెలుగు చాలాచోట్ల నలిగిపోతుంది. అది సమర్థించదగిన లోపం కాదు. కానీ తెలుగు మాతృభాష కానివాళ్లు పాడటమే తప్పంటే కర్ణాటక సంగీతంలో మిగిలేది కొద్దిగానే. త్యాగరాజు బతికిన తిరువైయారులో చెవిన పడేది తమిళమే. త్యాగరాజు తెలుగు పాడింది ఆ నేల మీదే, తరాలుగా దాన్ని మోసినవాళ్లలో ఎక్కువమంది తమిళులే.

భక్తి పాటను క్లబ్బులో పాడొచ్చా అన్నది రెండో అభ్యంతరం. సోల్ సంగీతం పుట్టిందే ఈ తగాదాలోంచి. 1954లో రే చార్లెస్ చర్చి పాట బాణీని ప్రేమపాటగా మార్చి ‘ఐ గాట్ ఎ వుమన్’ చేస్తే భక్తులు మండిపడ్డారు. అరీతా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్ పాస్టర్ కూతురు. దేవుడికి పాడిన గొంతే మనిషికి పాడింది, రెండు చోట్లా చిన్నబోలేదు. బ్రిటిష్ గాయనులు ఈ సంపదను అప్పు తెచ్చుకున్నవాళ్లు: 1969లో ‘డస్టీ ఇన్ మెంఫిస్’తో డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్, 2003లో పదహారేళ్ల వయసులో ‘ది సోల్ సెషన్స్’తో జాస్ స్టోన్. సుశీల కూడా అప్పు తెచ్చుకుంది, కాకపోతే తన పుట్టింటి సొత్తు కూడా పక్కన పెట్టింది.

వీటన్నిటికన్నా బలమైన ఆక్షేపణ వేరే ఉంది: పాశ్చాత్య శ్రోతకు నచ్చేలా తూర్పు సుగంధాలు చల్లి అమ్ముకోవడం కాదా ఇది? ‘సాల్ట్ రెయిన్’ ఒక్కటే చేసి అదే మూసలో మరో నాలుగు తీసి ఉంటే ఔననేవాణ్ని. ఆమె అలా చేయలేదు. 2003లో ‘లవ్ ట్రాప్’, 2005లో ‘మ్యూజిక్ ఫర్ క్రొకడైల్స్’ వచ్చాయి. రెండోదానిలో ఒక ఫ్రెంచి పాట కూడా ఉంది. 2007 నాటి ‘33 1/3’లో జిమీ హెండ్రిక్స్ వంటివారి పాత పాటలను తిరిగి పాడింది. అది ఎగుడుదిగుడుగా సాగిన ఆల్బమే. కానీ సుగంధద్రవ్యాల వ్యాపారి దుకాణం మూసేసి పక్క వీధికి వెళ్లడు కదా. 2011లో ‘వేల్’ వచ్చింది. మురుగన్ భక్తిగీతాల ఆవేశాన్ని ఎలక్ట్రిక్ గిటార్‌తో ఢీకొట్టించిన ఆ ఆల్బమ్‌లో మర్యాద తక్కువ, పూనకం ఎక్కువ. 2014లో ‘క్వీన్ బిట్వీన్’ కోసం పాకిస్తాన్ ఖవ్వాలులతో, రాజస్థాన్ గాయకులతో, 2018లో ‘ఘోస్ట్ గామెలాన్’ కోసం జావా కళాకారులతో పనిచేసింది. నా లెక్కలో ఆమె ఉత్తమ కృషి ‘వేల్’; ‘సాల్ట్ రెయిన్’ అందమైనదే గాని కొంచెం జాగ్రత్త ఎక్కువ.

తెలుగు పాఠకులకు ఒక మనవి. ముసిరి వారి ‘నగుమోము’ ముందు వినండి, ఆ వెంటనే సుశీల పాడింది వినండి. నచ్చకపోతే మానేయండి, కానీ తెలుగు పాట కాదని మాత్రం అనకండి.