రెండో షేవింగ్ బ్రష్ ఎందుకు? హుగ్లీ తీరపు తేమ చెప్పే సమాధానం

కోల్‌కతాకు నైరుతి దిక్కున, హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్‌లో జూన్ నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా ఏదీ ఒక పట్టాన ఆరదు. తాడు మీది తువ్వాలు మర్నాటికీ చెమ్మగానే ఉంటుంది. ఉప్పు డబ్బాలోనే గడ్డ కడుతుంది. పొద్దున గడ్డం గీసుకుని అద్దం పక్కన పెట్టిన షేవింగ్ బ్రష్ మర్నాడు చేతికి చల్లగా తగులుతుంది. కొన్ని వారాలు ఇలాగే గడిస్తే కుచ్చు మొదట్లోంచి ముక్కిపోయిన వాసన మొదలవుతుంది.

ఈ ప్రాంతానికి తేమ లెక్క కొత్తది కాదు. హుగ్లీ తీరం జనపనార మిల్లులకు పేరుపడింది. ఒకప్పుడు గంజాం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగు కూలీలు కూడా ఈ మిల్లుల్లో పనికి వెళ్లారు. నారను తూకం వేసి కొనేటప్పుడు అందులో ఎంత తేమ ఉందో కూడా చూస్తారు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 65 శాతం ఉంటే, 100 గ్రాముల పొడి నార దాదాపు 14 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది మరి! జంతువుల వెంట్రుకదీ అదే స్వభావం. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. పూర్తిగా తడిసినప్పుడు అది తన బరువులో సుమారు 30 శాతం నీటిని లోపలికే పీల్చుకుంటుంది. మందం ఏడో వంతు దాకా పెరుగుతుంది, పొడవు మాత్రం ఒకటి రెండు శాతానికి మించి పెరగదు. నానిన బ్రష్ మెత్తగా అనిపించడానికి కారణం ఇదే.

ఇక గాలి సంగతి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని ఉంచుకోగలదు. ఆర్ద్రత 50 శాతం ఉన్న రోజున ఇంకా 15 గ్రాములకు చోటుంటుంది. వానాకాలంలో ఆర్ద్రత 85 శాతానికి చేరితే మిగిలేది నాలుగున్నర గ్రాముల చోటే. గాలి కదలిక ఒకేలా ఉన్నా, తడి ఆరే వేగం మూడో వంతుకు పడిపోతుందన్నమాట.

రెండో బ్రష్ అవసరం ఇక్కడే తెలుస్తుంది. కుచ్చు మొదలు దాకా ఆరడానికి 30 గంటలు పడుతుందనుకుందాం. రోజూ ఒకే బ్రష్ వాడితే దానికి దొరికేది 24 గంటలు. ఆరు గంటల పని మిగిలి ఉండగానే మళ్లీ తడుస్తుంది. వాన వెలిసేదాకా ఆ మొదలు ఒక్కసారీ పూర్తిగా ఆరదు. రెండు బ్రష్‌లను రోజు మార్చి రోజు వాడితే ఒక్కోదానికి 48 గంటలు దక్కుతాయి. మూడోది కొనడం సరదాకే తప్ప ఈ లెక్కకు అక్కర్లేదు.

బ్రష్‌ను తలకిందులుగా వేలాడదీయాలా, నిలబెట్టాలా అన్నది షేవింగ్ ప్రియుల మధ్య ఎప్పటికీ తెగని వాదన. భౌతికశాస్త్రం ఇందులో దాదాపు తటస్థంగా ఉంటుంది. సన్నని సందుల్లోని నీటిని తలతన్యత పట్టి ఉంచుతుంది, దీన్నే కేశనాళికీయత అంటారు. 0.1 మిల్లీమీటరు వెడల్పున్న గొట్టంలాంటి సందు దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలపగలదు. సబ్బు కలిసి తలతన్యత సగానికి తగ్గినా 15 సెంటీమీటర్లు నిలుస్తుంది. బ్రష్ వెంట్రుకల పొడవేమో అయిదారు సెంటీమీటర్లే. కాబట్టి వేలాడదీసినప్పుడు వెడల్పు సందుల్లోని నీరు మాత్రమే కారుతుంది. పైగా వెంట్రుకలు అన్నిటికంటే ఒత్తుగా ఉండేది పిడి దగ్గర. అక్కడ సందులు మరీ సన్నం కనుక, బ్రష్‌ను ఎలా పెట్టినా నీరు చివరిదాకా అక్కడే దాక్కుంటుంది, గాలి సరిగా చొరనిదీ అక్కడే.

గురుత్వాకర్షణ చేయలేని పనిని చేయి చేస్తుంది. పిడి పట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా విదిలిస్తే కలిగే త్వరణం గురుత్వ త్వరణానికి కొన్ని రెట్లు ఉంటుంది, నీరు చుక్కలుగా ఎగిరిపోతుంది. తర్వాత పొడి నూలు తువ్వాలు మీద కుచ్చును అటూ ఇటూ రాస్తే నూలు పోగుల్లోని ఇంకా సన్నని సందులు మిగిలిన నీటిని లాక్కుంటాయి. ఈ రెండు పనులకు నిమిషం చాలు. పెద్ద ధర పెట్టి కొన్న స్టాండు కంటే ఇవే ఎక్కువ మేలు చేస్తాయి.

ఏది కొనాలి? మొదటిది పంది వెంట్రుకలదో బ్యాడ్జర్ వెంట్రుకలదో అయితే, తీరప్రాంతంలో రెండోది కృత్రిమ పోగులది కావడం మంచిది. పాలిస్టర్ రకం పోగు తన బరువులో ఒక శాతం నీటిని కూడా లోపలికి పీల్చదు. ఆరాల్సింది పోగుల మధ్య నీరే. నైలాన్ కొంత పీలుస్తుంది కానీ వెంట్రుకంత కాదు. కుచ్చు మరీ లావుగా, ఒత్తుగా ఉన్నది ఎంచుకుంటే మాత్రం ఈ లాభం చాలావరకు పోతుంది.

పాత సామాన్ల దుకాణంలో దొరికే పురాతన బ్రష్‌ల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల ద్వారా బ్రిటిష్, అమెరికన్ సైనికుల్లో, పౌరుల్లో 200కు పైగా ఆంత్రాక్స్ కేసులు వచ్చాయి. బ్లేడు చేసిన చిన్న గాటు ద్వారా బాసిల్లస్ ఆంత్రాసిస్ సిద్ధబీజాలు చర్మంలోకి చేరాయి. ఈ సిద్ధబీజాలు ఎండిపోయినా ఏళ్ల తరబడి బతికే ఉంటాయి, ఆరబెట్టడం వాటికి మందు కాదు. నేటి కొత్త బ్రష్‌లతో ఆ ముప్పు దాదాపు లేదు. ఎప్పటిదో, ఏ వెంట్రుకో తెలియని పాత బ్రష్‌ను మాత్రం అలంకరణకే ఉంచడం మేలు.

ఇంట్లో రోజూ ఎదురయ్యేది బూజు. గాలిలో ఆర్ద్రత 80 శాతం దాటినప్పుడు దానికి కావాల్సిన తేమ సిద్ధంగా ఉంటుంది. సబ్బు మడ్డి, చర్మపు పొలుసులు దానికి ఆహారం. అందుకే ఆరబెట్టడానికి ముందు పిడి దగ్గరి తెల్లని జిగట పోయేదాకా గోరువెచ్చని నీటితో కడగాలి. బోరునీళ్లు వాడే ఇళ్లలో కాల్షియం సబ్బుతో కలిసి కరగని మడ్డిగా పేరుకుంటుంది. అప్పుడప్పుడు వెనిగర్ కలిపిన నీటిలో కొద్ది నిమిషాలు ముంచి కడిగితే అది వదులుతుంది. మరిగే నీళ్లు పోస్తే కెరాటిన్, కుచ్చును పట్టి ఉంచే జిగురు రెండూ దెబ్బతింటాయి.

తర్వాత బ్రష్‌ను స్నానాలగదిలో వదిలేయకూడదు. వేడినీళ్ల స్నానం తర్వాత అక్కడి గాలి దాదాపు సంతృప్తమై ఉంటుంది. మూత ఉన్న డబ్బా అంతకంటే చెడ్డది. ఫ్యాను గాలి తగిలే గదిలో, కిటికీ పక్కన పెడితే కుచ్చు చుట్టూ నిలిచిన తడిగాలి పొర చెదిరిపోతుంది. ఆరిందో లేదో తెలియాలంటే కొసలు ముట్టుకుంటే చాలదు, అవి గంటల్లోనే పొడిబారతాయి. వేళ్లతో వెంట్రుకలను విడదీసి, పిడి దగ్గర పొడి టిష్యూ కాగితాన్ని అదిమి చూడాలి. కాగితం మీద తడి మచ్చ పడితే, ఆ రోజు రెండో బ్రష్ వంతు.