బాయిలో బీడీ: అపోహలు, వాస్తవాలు

లక్సెట్టిపేట, మంచిర్యాల పల్లెల్లో తునికాకు ఏరడం, బీడీలు చుట్టడం ఎందరికో బతుకుదెరువు. ఆ పక్కనే శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు బాయిలు. ఆ బీడీ మాత్రం బాయి లోపలికి పోకూడదు. దిగేముందు జేబులు తడిమేది అందుకే. ఇది కార్మికుణ్ని అనుమానించడమేననీ, తాగకుండా జేబులో ఉంచుకుంటే వచ్చే నష్టమేమిటనీ కొందరి వాదన. వెంట ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తాగబుద్ధవుతుంది. ఆ నిమిషాన తలమీద గ్యాసు ఎంత పేరుకుందో తాగేవాడికి తెలియదు. 'వాసన రాదా?' అంటారు. వంటగ్యాసు వాసన కూడా లీకైతే తెలియాలని కలిపిందే. బొగ్గు పొరల్లోంచి వచ్చే మీథేన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. గాలికంటే తేలిక కాబట్టి పైకప్పు కింద, గాలాడని మూలల్లో చేరుతుంది. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అందుకే 1.25 శాతం దాటగానే కరెంటు ఆపేయాలన్నది నిబంధన.

'మాది డిగ్రీ-1 బాయి, గ్యాసే ఉండదు' అన్న ధీమా ఇంకా ప్రమాదం. డిగ్రీ-1 అంటే గ్యాసు తక్కువని అర్థం, అసలు లేదని కాదు. పైగా మీథేన్ ఒక్కటే శత్రువు కాదు, గాలిలో లేచిన బొగ్గు దుమ్ము కూడా పేలుతుంది. ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో గ్యాసు లేదన్న నమ్మకంతో మూతలేని దీపాలు వాడేవారు. 1906 మార్చి 10న అక్కడ దుమ్ము పేలి 1,099 మంది చనిపోయారు. మన దేశంలో 1965లో ధోరీ గని పేలుడు 268 మందిని పొట్టన పెట్టుకుంది.

బీడీ నిప్పుకు గ్యాసు అంటుకోదన్న గట్టి అభ్యంతరం ఒకటుంది. అమెరికాలో వెలుగుతున్న సిగరెట్లతో పెట్రోలు ఆవిరిని అంటించాలని రెండు వేలకు పైగా ప్రయత్నాలు చేస్తే ఒక్కసారీ అంటుకోలేదు. నిజమే, అయితే ఆ సిగరెట్లను ముందే వెలిగించి పెట్టారు. బాయిలో వెలిగించాలంటే అగ్గిపుల్ల గీయాల్సిందే, ముప్పంతా ఆ మంటలోనే. సిగరెట్టుకు ఒక పుల్ల చాలు. బీడీ అలా కాదు, పీల్చడం ఆపితే ఆరిపోతుంది, మళ్లీ మళ్లీ వెలిగించాలి. సినిమాలో హీరో విసిరిన సిగరెట్టుకు పెట్రోలు బంకు పేలడం కల్పనే కావచ్చు, అగ్గిపెట్టె మీద నిషేధం మాత్రం కల్పన మీద నిలబడింది కాదు.

పత్తి మిల్లులో లెక్క తారుమారవుతుంది. అక్కడ మంట అక్కర్లేదు, పారేసిన బీడీ ముక్కలోని నిప్పురవ్వే చాలు. పత్తి బేలులో రాజుకున్న నిప్పు బయటికి కనపడకుండా గంటల తరబడి లోలోపలే పాకుతుంది. పైన నీళ్లు చల్లి 'ఆరిపోయింది' అనుకుంటే పొరపాటే, ఆ బేలును విడిగా లాగి విప్పాల్సిందే. పొగతాగేవాళ్లను తిట్టడంవల్ల మాత్రం పని జరగదు. చోటు చూపకుండా వద్దంటే బేళ్ల చాటున తాగుతారు. అందుకని మిల్లుల యజమానులు పత్తికి దూరంగా, ఇసుక బకెట్టు పెట్టి ఒక చోటు చూపించాలి. బాయిలో ఆ వెసులుబాటు లేదు. అగ్గిపెట్టె ఇంట్లోనే ఉంచి డ్యూటీకి బయల్దేరండి.