రిజెక్ట్ అయిన పీసు ఖరీదెంత?

పీర్జాదిగూడలోనో, బోడుప్పల్‌లోనో గది తీసుకుని ఉద్యోగం వెతుక్కుంటున్నారా? రోజూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి హైటెక్‌సిటీ వైపే వెళ్తున్నారా? ఒక్కసారి ఇటూ చూడండి. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు మీకు దగ్గర్లోనే ఉన్నాయి. మెకానికల్, ఫార్మసీ, కెమిస్ట్రీ, కామర్స్... వీటిలో ఏది చదివినా నాణ్యతకు సంబంధించిన పని ఏదో ఒకటి మీకు సరిపోతుంది. అయితే ఇంటర్వ్యూలో ఇలా అడిగితే ఏం చెప్తారు? 'ఒక పీసు రిజెక్ట్ అయితే కంపెనీకి ఎంత నష్టం?'

'ముడిసరుకు ఖరీదంత సార్' అన్నారంటే సగం జవాబే చెప్పినట్టు.

నాలుగు పద్దులు

అమెరికా నిపుణుడు ఆర్మాండ్ ఫీగెన్‌బామ్ 1956లోనే నాణ్యత ఖర్చును నివారణ, తనిఖీ, వైఫల్యం అని విడదీశారు. ఇప్పుడు వైఫల్యాన్ని మళ్లీ రెండుగా చూస్తున్నారు. తప్పు గేటు లోపలే దొరికితే ఒక ఖర్చు, కస్టమర్ దగ్గర బయటపడితే మరో ఖర్చు. శిక్షణ నివారణ కిందికి వస్తుంది. ఇన్‌స్పెక్టర్ల జీతాలు, ల్యాబ్ పరీక్షలు తనిఖీ కిందికి వస్తాయి. స్క్రాప్, రీవర్క్ లోపలి వైఫల్యాలు. వాపసులు, డెబిట్ నోట్లు బయటి వైఫల్యాలు.

లెక్క వేసి చూద్దాం. ఒక చిన్న మెషిన్ షాపు నెలకు 10,000 పీసులు చేస్తుందనుకోండి. అందులో 4 శాతం, అంటే 400 పీసులు స్క్రాప్. తుక్కుగా అమ్మగా వచ్చింది పోను పీసుకు రూ.120 నష్టం. మొత్తం రూ.48,000. వాపసులకు రూ.62,000, తనిఖీకి రూ.40,000, నివారణకు రూ.5,000. అన్నీ కలిపితే రూ.1,55,000. ఎక్కువ ఎక్కడ పోతోందో, తక్కువ ఎక్కడ పెడుతున్నారో గమనించారా?

ఇప్పుడు కారణం వెతికితే, డ్రిల్లింగ్ ఫిక్చర్ అరిగిపోయిందని తేలిందనుకోండి. కొత్తదానికి రూ.30,000 ఒక్కసారి పెట్టారు. స్క్రాప్ 1 శాతానికి, వాపసుల ఖర్చు రూ.15,000కు దిగాయి. నెలకు రూ.83,000 మిగిలినట్టే. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను అదనంగా పెట్టుకున్నా ఈ ఫలితం రాదు. తనిఖీ చెడ్డ పీసును పట్టుకుంటుందే కానీ, పుట్టకుండా ఆపలేదు.

గేటు దాటితే భారమే

ఫార్మాలో ఈ లెక్క ఇంకా పెద్దది. 2015 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ డాక్టర్ రెడ్డీస్‌కు చెందిన శ్రీకాకుళం, మిర్యాలగూడ, దువ్వాడ యూనిట్లపై హెచ్చరిక లేఖ ఇచ్చింది. ఇలాంటి లేఖ వస్తే ఆ యూనిట్ల నుంచి కొత్త మందులకు అనుమతులు ఆగిపోవచ్చు. పద్ధతులు సరిదిద్దడానికి, కన్సల్టెంట్లకు డబ్బు ధారపోయాలి. ఇదంతా బయటి వైఫల్యం ఖర్చే.

నివారణకు మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. 1980ల మొదట్లో రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో క్వాలిటీ సర్కిల్స్ మొదలయ్యాయి. పనిచేసేవాళ్లే చిన్న బృందంగా కూర్చుని తమ పనిలోని లోపాలకు కారణాలు వెతుకుతారు. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది.

మీరేం చేయాలి?

వెర్నియర్, మైక్రోమీటర్ తప్పు లేకుండా చదవడం నేర్చుకోండి. ఎక్సెల్‌లో పరేటో చార్ట్ గీయడం రావాలి. టూలింగ్, తయారీ కోర్సులకు బాలానగర్‌లో సీఐటీడీ ఉంది. కామర్స్ వాళ్లకు సీఎంఏ దారి ఉంది. ప్రాజెక్టు కోసం దగ్గర్లోని యూనిట్‌లో అనుమతి అడగండి. ఒక నెల రిజెక్షన్లను కారణాలవారీగా రాసి, పక్కన రూపాయలు వేయండి. రెజ్యూమేలో ఆ ఒక్క పేజీ నాలుగు సర్టిఫికెట్లకు సమానం.

ఉద్యోగం వచ్చాక అసలు పరీక్ష ఎదురవుతుంది. నెలాఖరు, లారీ సిద్ధం, 'ఈ లాట్ పాస్ చేసేయ్ బాబూ' అని పైనుంచి ఒత్తిడి. అప్పుడు 'రూల్ ఒప్పుకోదు సార్' అంటే ఎవరూ వినకపోవచ్చు. 'ఇక్కడే రీవర్క్ చేస్తే ఇంతవుతుంది, వాపసొస్తే అంతవుతుంది' అని లెక్క ముందు పెట్టండి. కొత్తగా చేరినవాళ్ల మాటకు కూడా బరువు వచ్చేది ఆ లెక్కతోనే. అయినా వినకపోతే? తప్పుడు రీడింగ్ మీద మాత్రం సంతకం పెట్టకండి.