పొడుపుకు విడుపు ఎక్కడున్నది?

మొన్న వేసవి సెలవులకు మా మనుమరాలు పట్నంనుంచి వచ్చింది. పదేళ్ళ పిల్ల. లెక్కల్లో మహా చురుకని వాళ్ళమ్మ చెబితే, చూద్దామని ఒక చిక్కుప్రశ్న వేశాను.

ఒక మనిషి పులినీ, మేకనూ, గడ్డిమోపునూ ఏరు దాటించాలి. పడవలో తనతోబాటు ఒక్కదానికే చోటు. తాను దగ్గర లేకపోతే పులి మేకను తింటుంది. మేక గడ్డి తింటుంది. ఎట్లా?

పిల్ల చింతగింజలు ముందు పెట్టుకొని అటూ ఇటూ జరిపింది. మొదట మేకను దాటించాలి. తరువాత పులిని దించి మేకను వెనక్కు తేవాలి. ఆపైన గడ్డిని చేర్చి, చివరకు మేకకోసం రావాలి. "ఏడుసార్లు ఏరు దాటాలి తాతయ్యా!" అన్నది.

అంతలో మా ఆవిడ అందుకొన్నది. "అయితే నా పొడుపుకథ విప్పవే! నెత్తిన నోరు, ఒళ్ళంతా రాయి. గుప్పెడు మింగి చుట్టూ కక్కుతుంది."

పిల్ల గంటసేపు ఆలోచించింది. "నాకు తెలివి లేదు బామ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది.

అప్పుడు తట్టింది నాకు, తప్పు పిల్లది కాదని. చిక్కుప్రశ్నకు కావలసిన సరంజామా అంతా ప్రశ్నలోనే ఉంటుంది. 804లో మరణించిన అల్క్విన్ పండితుడిదని చెప్పే ఒక లాటిన్ లెక్కల సంకలనంలోనూ ఈ పడవ లెక్క ఉన్నది. అక్కడ పులికి బదులు తోడేలు, గడ్డికి బదులు క్యాబేజీ. పేర్లు మారినా జవాబు మారలేదు. ఏ దేశపు పిల్లయినా కూర్చుని ఆలోచిస్తే విప్పగలదు.

పొడుపుకథ అట్లా కాదు. అది ఒక వస్తువుకు ముసుగు వేసి మన ఎదుట నిలబెడుతుంది. ఆ వస్తువుతో మనకు ముందే పరిచయం ఉండాలి. ఎన్నడూ చూడనివాళ్ళను ముసుగులో పోల్చుకోవడం ఎవరి తరం? ఇంట్లోనుంచి వస్తువు వెళ్ళిపోతే, దాని పొడుపుకథ కూడా వెనకాలే వెళ్ళిపోతుంది.

పిల్లను పెరట్లోకి తీసుకువెళ్ళాను. మిక్సీ వచ్చిన తరువాత మా తిరగలి పైరాయి నూతి దగ్గర చేరింది.

"ఇదా! రోజూ దీనిమీదే కాళ్ళు కడుక్కుంటున్నాను!" అన్నది.

రాయి కడిగి, గోడవారనున్న కిందిరాయిమీద అమర్చాం. మా ఆవిడ గుప్పెడు కందులు నోట్లో పోసి విసిరింది. పప్పు చుట్టూ రాలింది. పిల్ల చప్పట్లు కొట్టి, "బామ్మా, ఇంకొకటి పొడువు!" అన్నది.

మా ఆవిడ వెంటనే పొడవలేదు. ఇంట్లో ఇంకా ఏమేమి మిగిలాయా అని చుట్టూ చూసింది.